వీసాలో కువైట్, పని అబ్దలీలో

కువైట్‌లో ఏటా జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు 11 గంటల నుంచి సాయంత్రం 4 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. అక్కడి మానవ వనరుల ప్రాధికార సంస్థ 2015లో ఇచ్చిన 535వ నంబరు ఉత్తర్వు ఈ సంగతి చెబుతుంది. మేడలు లేచే చోట, రోడ్లు పడే చోట తనిఖీ బృందాలు తిరుగుతాయి. అయితే రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు, బద్వేలు, పీలేరు వైపు నుంచి వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది ఆ మేడల దగ్గర ఉండరు. కొందరు ఇళ్ళలో డ్రైవర్లు, వంటవాళ్ళు. కొందరు మజ్రాల్లో, అంటే తోటల్లో. ఇంకొందరు గొర్రెల కాడ, ఒంటెల కాడ. తోటలూ మందలూ ఉన్న కువైట్ వాతావరణం వేరు, నేల వేరు, నీళ్ళు వేరు. ఉత్తర్వు రాసినవారి కళ్ళ ముందున్నది నగరం. మన దగ్గర ఏజెంటు చూపించే ఫోటోల్లో ఉండేదీ నగరమే. వెళ్ళే మనిషి ఏ కువైట్‌లో దిగబోతున్నాడో వీసా చెప్పదు, ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణా చెప్పదు. జీతం ఎంతన్న లెక్కకు ఎంత బరువుందో, పని ఎక్కడన్న ప్రశ్నకూ అంతే బరువుంది.

ముందు భూగోళం చూద్దాం. కువైట్ మొత్తం వైశాల్యం 17,818 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా అంతకంటే పెద్దది. ఈ చిన్న దేశాన్ని ఆరు గవర్నరేట్లు చేశారు. నాలుగు తీరం దగ్గర ఇరుకుగా సర్దుకుంటే, దక్షిణం అహ్మదీది, ఉత్తరమూ పడమరా జహ్రావి. జహ్రా ఒక్కటే దేశంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. జనం మాత్రం కువైట్ అఖాతం చుట్టూ, తీరం వెంట సన్నటి పట్టీలో కిక్కిరిసి ఉంటారు. ఆ పట్టీ దాటి ఉత్తరాన ఇరాక్ సరిహద్దు దాకా వెళితే అబ్దలీ తోటలు. దక్షిణాన సౌదీ సరిహద్దు దాకా వెళితే వఫ్రా తోటలు. రెండూ నగరానికి రమారమి వంద కిలోమీటర్లు. పడమటి దారిలో కబ్ద్ పశువుల దొడ్లు, ఇంకా ముందుకు పోతే సాల్మీ.

నేల నైరుతి నుంచి ఈశాన్యానికి, సముద్రం వైపు మెల్లగా వాలుతుంది. అత్యంత ఎత్తయిన చోటు కూడా సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల దగ్గరే. తిరుమల కొండ చూసిన కళ్ళకు అక్కడ కొండ అనదగ్గది కనిపించదు. అఖాతానికి ఉత్తరంగా జాల్ అజ్జోర్ అనే గట్టు ఉంది, దాని కొనసాగింపే ముత్లా. నూట నలభై మీటర్ల పైచిలుకు ఎత్తు. చదును నేల మీద అదే పర్వతంలా అగుపిస్తుంది. బస్రా దారి ఆ గట్టు మీదుగా పోతుంది. 1991 ఫిబ్రవరిలో వెనుదిరిగిన ఇరాకీ సేనల వాహనాలు కాలి బూడిదైనది ఆ దారిలోనే. పడమటి సరిహద్దు వాదీ అల్ బాతిన్ అనే వెడల్పాటి పల్లం. ఒకప్పుడు, అరేబియాలో వానలు పుష్కలంగా కురిసిన యుగంలో, నది పారిన జాడ అది. ఆ నది మోసుకొచ్చిన గులకరాళ్ళే ఉత్తర కువైట్ నిండా పరచుకున్నాయి. ఇప్పుడు దేశంలో నది లేదు, చెరువు లేదు.

జహ్రా ఊరు పాతది. నగరానికి పడమర ముప్పై కిలోమీటర్ల దూరంలో, బావుల చుట్టూ, ఖర్జూరపు తోటల చుట్టూ పెరిగిన ఒయాసిస్సు. 1920 అక్టోబరులో నజ్ద్ వైపు నుంచి వచ్చిన ఇఖ్వాన్ దళాలను కువైటీలు ఎదుర్కొన్న ఎర్రకోట అక్కడుంది. వఫ్రా కథ మరీ విచిత్రం. 1922 డిసెంబరులో ఉకైర్ ఒప్పందం జరిగినప్పుడు ఆ ప్రాంతాన్ని కువైట్, నజ్ద్ (నేటి సౌదీ) ఈ ఇద్దరిలో ఎవరికిచ్చినా గొడవేనని ఇద్దరికీ ఇవ్వకుండా 'తటస్థ మండలం' అన్నారు. 1965లో పంచుకునేందుకు ఒప్పుకునేదాకా దానికి యజమాని ఇద్దరూ, ఎవరూ కాదు. ఈలోగా 1953లో కింద చమురు బయటపడింది. నేడు అక్కడ నేల పైన టమాట, దోస; లోపల రెండు దేశాలూ సగం సగం పంచుకునే చమురు.

ఇక వేడి. 2016 జూలై 21న జహ్రా పరిధిలోని మిత్రిబా అనే మారుమూల కేంద్రంలో నమోదైన ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు మూడేళ్ళు పరిశీలించి 53.9 డిగ్రీల సెల్సియస్‌గా ఖరారు చేశారు. ఆసియా ఖండంలో ధ్రువీకరించిన గరిష్ఠం అదే. 2021 జూన్ 22న దక్షిణాన నువైసీబ్‌లో 53.2 నమోదైంది. ఇంత వేడికి కారణం సూర్యుడొక్కడే అయితే మన రెంటచింతల కూడా అంతే కాలాలి. వేసవిలో ఆ అక్షాంశాల మీద పై గాలి కిందికి దిగుతూ ఒత్తిడికి వేడెక్కుతుంది, మబ్బు కట్టనివ్వదు. నేలలో తడి ఉంటే ఎండలో కొంత భాగం ఆ తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి లేని చోట ఆ ఖర్చు లేదు, మొత్తం వేడి గాలికే చేరుతుంది. దానికి తోడు షమాల్ అనే వాయవ్య గాలి ఇరాక్ మైదానం పొడవునా కాగి వచ్చి ఉత్తర కువైట్‌నే ముందుగా తాకుతుంది. సముద్రపు గాలి చల్లదనం అంత లోపలికి రాదు.

ఈ అంకెలన్నీ నీడలోవి. తెల్లటి పలకల పెట్టెలో, గాలి ఆడే చోట, మనిషి ఎత్తుకు కొంచెం అటూ ఇటూగా పెట్టిన థర్మామీటరు చెప్పేవి. అదే మధ్యాహ్నం ఇసుక పైపొర డెబ్బై డిగ్రీలు దాటగలదు. గొర్రెల వెంట నడిచే మనిషి కాళ్ళున్నది ఆ పొర మీద, తల ఉన్నది ఎండలో. వార్తల్లో యాభై అని చదివి మన ఊళ్ళో నలభై అయిదుకి ఇంకో ఐదు కలుపుకుని ఊహించుకుంటే లెక్క తప్పుతుంది.

తీరానికీ లోపలి నేలకూ మరో తేడా ఉంది. ఆగస్టులో ఆగ్నేయం నుంచి కౌస్ గాలి వీస్తే నగరంలో ఉక్కపోత విజయవాడను మించుతుంది, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. ఒంట్లోంచి నీరు పోతోందని అక్కడ మనిషికి ఆ చెమటే చెబుతుంది. అబ్దలీలో, సాల్మీలో పొడి వేడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చర్మం మీద ఉప్పు చార మిగులుతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. కోనసీమ నుంచి వెళ్ళినవారికి ఇది అసలు తెలియని వేడి. కడప వైపు వాళ్ళు కొంత ఎరుగుదురు, కానీ కడపలో చెట్టు ఉంటుంది. 2015 మేలో వడగాడ్పులకు మన దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. ఎండ మనకు అలవాటేలే అనే మాట మీద నాకు నమ్మకం లేకపోవడానికి అదొక కారణం.

చలికాలం సంగతి ఎవరూ హెచ్చరించరు. డిసెంబరు, జనవరి నెలల్లో లోపలి ఎడారిలో రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి. ఇసుక ఎంత త్వరగా కాగుతుందో అంత త్వరగా చల్లారుతుంది. మబ్బు దుప్పటి లేదు. రేకుల గదిలో, గుడారంలో పడుకునే మనిషి తలుపు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుంటాడు. ఆ పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోయిన ఘటనలు గల్ఫ్ శీతాకాలాల్లో వింటూనే ఉంటాం. అవే నెలల్లో కువైటీ కుటుంబాలు అదే ఎడారికి సరదాగా వస్తాయి. నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా మునిసిపాలిటీ అనుమతితో గుడారాలు వేసుకుని, నెగళ్ళ చుట్టూ కూర్చుని, తరం నుంచి తరానికి వచ్చిన బెదువీన్ అలవాటును నిలబెట్టుకుంటాయి. ఆ గుడారాల వెనక వంట చేసేవాడు చిత్తూరు వాడో, చిట్టగాంగ్ వాడో.

ఎడారివాసులు కాలాన్ని గాలులతో, చుక్కలతో కొలుస్తారు. మార్చి చివర నుంచి మే దాకా సరాయాత్: సాయంత్రం పూట ఉన్నట్టుండి ఉరుములు, దుమ్ము, నాలుగు చినుకులు. జూన్ వచ్చిందంటే బవారిహ్ గాలులు, వాటితో తూజ్, అంటే దుమ్ము. టైగ్రిస్, యూఫ్రటీస్ మైదానాలు ఎండేకొద్దీ అక్కడి మన్నే ఇక్కడికి లేస్తుంది. 2022 మేలో ఈ దుమ్ముకు కువైట్ విమానాశ్రయమే ఆగిపోయింది. అక్టోబరు మధ్య నుంచి వస్మ్ అనే కార్తె. ఆ రోజుల్లో వాన పడితే ఫిబ్రవరి నాటికి ఇసుకలో ఫగా అనే పుట్టగొడుగు జాతి దుంప దొరుకుతుందని ఆశ. బజారులో దాని ధర వింటే మనవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. వేసవికీ వస్మ్‌కీ నడుమ సుహైల్ నక్షత్రం ఉంది. మన పంచాంగాలు అగస్త్యుడి ఉదయంగా రాసే చుక్క అదే. సెప్టెంబరు మొదటి వారంలో తెల్లవారుజామున దక్షిణాన అది కనబడితే వేడి నడుం విరిగిందంటారు. ఎండపని నిషేధం ఆ చుక్క పొడవక ముందే, ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరులో పగటి వేడి సగటున నలభై పైనే. మే రెండో సగమూ నిషేధానికి బయటే ఉండిపోయింది.

వాన ఏడాదికి సగటున 110 నుంచి 120 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లా సగటు దానికి నాలుగు రెట్లకు మించి ఉంటుంది, ఆ జిల్లానే మనం కరవు సీమ అంటాం. సగటు అనే మాట కూడా ఇక్కడ మోసమే. ఒక ఏడు ముప్పై మిల్లీమీటర్లు పడవచ్చు, ఒక ఏడు మూడు వందలు దాటవచ్చు. 2018 నవంబరులో కొద్ది రోజుల్లోనే కుంభవృష్టి కురిసి రోడ్లు కొట్టుకుపోయాయి, ఆ దేశపు ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశారు. నది లేని దేశంలో వరద ఎలా వస్తుందంటే, గట్టిపడిన నేల నీటిని తాగదు, వాలు ఉన్న చోటల్లా పల్లానికి తోసేస్తుంది.

అయితే ఆ పల్లాల్లో కొన్ని చోట్ల ప్రకృతి ఒక చిత్రమైన ఏర్పాటు చేసింది. ఉత్తరాన రౌదతైన్, ఉమ్ అల్ ఐష్ అనే రెండు పల్లాలున్నాయి. చుట్టుపక్కల పడిన వాన చిన్న చిన్న వాగులై అక్కడికి చేరి గులకరాళ్ళ గుండా మెల్లగా ఇంకుతుంది. అడుగున ఉన్నది ఉప్పునీరు, బరువైనది. పైనుంచి దిగిన తీపినీరు తేలిక. నీళ్ళ మీద నూనె తేలినట్టు ఉప్పునీటి మీద మంచినీరు కటకం ఆకారంలో తేలుతూ వేల ఏళ్ళుగా ఉంది. 1960 ప్రాంతంలో దాన్ని కనుగొన్నప్పుడు కువైట్ పండుగ చేసుకుంది. నేటికీ రౌదతైన్ పేరుతో సీసా నీళ్ళు అమ్ముతారు. ఆ తేలే నీటిని తొందరపడి ఎక్కువగా తోడితే కింది ఉప్పు పైకి లేస్తుంది, మళ్ళీ తేలిగ్గా దిగదు. 1991లో ఇరాకీ సేనలు వందలాది చమురు బావులకు నిప్పు పెట్టినప్పుడు, వాటిని ఆర్పడానికి సముద్రపు నీటిని తెచ్చి కుమ్మరించారు. చమురు, మసి, ఉప్పు కలిసి ఆ పల్లాల్లోకీ ఇంకాయి. చివరి బావి మంట ఆ ఏడు నవంబరు 6న ఆరింది. నేలలోకి దిగింది మాత్రం అలాగే ఉంది.

రౌదతైన్‌కు ముందు మంచినీళ్ళు ఇరాక్‌లోని షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో వచ్చేవి. 1953లో షువైఖ్‌లో ప్రభుత్వం సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం పెట్టాక నగరానికి దాహం తీరింది. తోటలకు ఆ నీరు పోయలేరు, ఖరీదు కిట్టదు. వఫ్రా, అబ్దలీ తోటలు పెరిగింది బోరు నీటి మీద. ఆ బోర్లు చాలావాటిలో లీటరుకు నాలుగైదు గ్రాములు, అంతకు మించి ఉప్పు. టమాట కొంత తట్టుకుంటుంది, ఖర్జూరం ఇంకా తట్టుకుంటుంది, దోస తట్టుకోలేదు. పైగా ఇసుక కింద మీటరు, రెండు మీటర్ల లోతులో గాచ్ అనే సుద్ద పొర గట్టిగా పరచుకుని ఉంది. పోసిన నీరు దాని మీద ఆగుతుంది, ఎండకు ఆవిరై ఉప్పును పైపొరలో వదిలేస్తుంది. మన సీమ రైతు చవుడు నేల అంటాడే, అది అక్కడ మనిషి చేతులతో తయారవుతోంది. 2004 తర్వాత సులైబియాలో నగరపు మురుగునీటిని శుద్ధి చేసే భారీ కర్మాగారం వచ్చి, ఆ నీరు గొట్టాల్లో ఈ రెండు చోట్లకూ చేరుతోంది. నగరం వాడి వదిలిన నీరే ఇప్పుడు తోటలకు ఊపిరి.

ఈ నేల మీద పంట సెప్టెంబరులో మొదలై మే దాకా సాగుతుంది. వేసవిలోనూ పండించాలంటే ప్లాస్టిక్ ఇళ్ళు కట్టి, ఒక వైపు తడి పలకలు, మరో వైపు పెద్ద ఫ్యాన్లు పెట్టి చల్లబరచాలి. మొక్క తట్టుకునేంత చల్లబడితే మేస్త్రీకి చాలు. మొక్కకు ముప్పై ఐదు డిగ్రీలు, ఎనభై శాతం తేమ అభ్యంతరం కాదు. వంగి కాయ కోసే మనిషికి అది ఆవిరిగది. ఇక్కడ 535వ నంబరు ఉత్తర్వును మళ్ళీ చదవాలి. ఎండలో, ఆరుబయట అంటుంది అది. ప్లాస్టిక్ ఇల్లు ఆరుబయలా, నీడా? అక్షరం పట్టుకుంటే నీడే. ఏ యజమానీ తప్పు చేయకుండానే మధ్యాహ్నం రెండింటికి కూలీ అందులో ఉండగలడు. ఇంకో చిక్కు కరెంటు. 2024 జూన్‌లో కువైట్ తొలిసారి వేళలు ప్రకటించి కోతలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కోతల జాబితాలో వ్యవసాయ ప్రాంతాలూ చేరాయి. ఫ్యాన్లు ఆగితే పంట పోతుంది. కూలీలు పడుకునే రేకుల గదిలో ఏసీ కూడా ఆ కరెంటు మీదే నడవాలి.

తోటలో కనీసం పక్కన ఇంకో మనిషి ఉంటాడు. మందల దగ్గర అది కూడా లేదు. ఎడారి గడ్డి ఎప్పుడూ పుష్కలం కాదు. పసుపు పూల అర్ఫజ్ పొద కువైట్ జాతీయ పుష్పం. అతిగా మేపడం వల్ల, యుద్ధంలో ట్యాంకులు పైపొర చెరిపేయడం వల్ల, చలికాలపు బండ్ల చక్రాల వల్ల అది చాలా చోట్ల కనుమరుగైంది. జాల్ అజ్జోర్ దగ్గర సబా అల్ అహ్మద్ అభయారణ్యంలో కంచె లోపల పచ్చదనం తిరిగొచ్చింది. కంచె ఇవతల ఇసుక. మేత లేదు కనుక మేపు ప్రభుత్వ రాయితీ దాణా మీద, ట్యాంకరు నీళ్ళ మీద నడుస్తుంది. ట్యాంకరు ఒక రోజు రాకపోతే ఒంటె ఓర్చుకుంటుంది. కాపరికి ఆ ఓర్పు లేదు. జాఖూర్ అనే పశువుల దొడ్లు కబ్ద్‌లో గుంపుగా ఉంటాయి, అక్కడ దుకాణం ఉంది, ఫోను సిగ్నల్ ఉంది. ఒంటెల మంద కోసం సాల్మీ వైపు తోలిన మనిషికి ఇవేవీ దగ్గరలో ఉండవు.

2024 జూలైలో రాయలసీమ నుంచి వెళ్ళిన ఒక శ్రామికుడు ఎడారిలో ఒంటరిగా మూగజీవాలను కాస్తూ కన్నీళ్ళతో తీసుకున్న వీడియో రాష్ట్రమంతా తిరిగింది. మంత్రి నారా లోకేశ్ పట్టించుకున్నారు, రాయబార కార్యాలయం కదిలింది, ఆయన ఇల్లు చేరాడు. మంచిదే. అయితే ఫోనులో చార్జింగు, వీడియో పంపేంత సిగ్నలు ఉన్న చోట ఉండడం కూడా ఒక భౌగోళిక అదృష్టమని ఎవరూ గమనించలేదు. చిక్కు మొదలయ్యేది వీసా దగ్గర. మనవాళ్ళు షూన్ వీసా అనే 18వ నంబరు ప్రైవేటు కంపెనీలది. ఖాదిం వీసా అనే 20వ నంబరు ఇంటి పనిది. 20వ నంబరు మీద వెళ్ళినవాడు 2010 కార్మిక చట్టం కిందికి రాడు. అతని కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు పన్నెండు గంటలు మించకూడదని, వారానికో సెలవని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని ఆ చట్టం చెబుతుంది. గల్ఫ్ ప్రమాణాల్లో మెచ్చుకోదగ్గ చట్టమే. కానీ దాని ఊహలో ఉన్నది నాలుగు గోడల ఇల్లు. యజమానికి నగరంలో విల్లా, అబ్దలీలో మజ్రా, సాల్మీలో మంద మూడూ ఉంటే, కాగితం మీద ఇంటి పనివాడు ఏ పొద్దు ఎక్కడ ఉంటాడో కఫీల్ అనే ఆ యజమాని ఇష్టం. పారిపోయి కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతే అకామా అనే నివాస అనుమతి పోతుంది, ఆ తర్వాత ఏ చట్టమూ ఆదుకోదు.

వేడికి ఎవరు చనిపోతున్నారన్నది కువైట్ పరిశోధకులే లెక్కగట్టారు. బరాక్ అల్ అహ్మద్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం విపరీత వేడి రోజుల్లో కువైటీయేతరులకు, ముఖ్యంగా పనిచేసే వయసు మగవాళ్ళకు ముప్పు ఎక్కువని తేల్చింది. అదే పరిశోధకుడి మరో అధ్యయనం మధ్యాహ్నపు నిషేధం అమల్లో ఉన్న నెలల్లో కూడా వేడి పెరిగిన రోజుల్లో పని ప్రమాదాలు పెరుగుతున్నాయని చూపింది. అంటే గడియారం పట్టుకుని గీసిన గీత పూర్తిగా కాపాడడం లేదు. జూన్‌లో అక్కడ అయిదు గంటల లోపే తెల్లారుతుంది, ఎనిమిదికే నలభైకి చేరువవుతుంది. సాయంత్రం నాలుగింటికి వేడి ఇంకా శిఖరం దగ్గరే ఉంటుంది.

కువైట్‌ను ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. సౌదీ, ఎమిరేట్స్ నిషేధాలు మూడు గంటలకు అటూ ఇటూగా ఉంటే కువైట్ ఐదు గంటలు ఇచ్చింది. కాకపోతే ఆ రెండూ సెప్టెంబరు 15 దాకా సాగుతాయి. ఖతార్ 2021లో ఒక అడుగు ముందుకు వేసింది. గాలి వేడి, తేమ, ఎండ, గాలి వేగం కలిపి లెక్కించే సూచిక 32.1 డిగ్రీలు దాటితే గంట ఎంతైనా, తేదీ ఏదైనా పని ఆపాలంది. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ పనులు వేసవిలో పొద్దుటే మొదలై ఎండ ముదరకముందే ముగుస్తాయి. అంటే దీనికి డబ్బున్న దేశమే కావాలని లేదు.

యజమానుల వైపు నుంచి ఒక మాట వినిపిస్తుంది. జీవాలకు మధ్యాహ్నం దాహం వేయదా, పంటకు సెలవుంటుందా అని. వేస్తుంది, ఉండదు. తొట్టికి తేలే వాల్వు అమర్చి నీరు దానంతటదే నిండేలా చేయడం, నీటి పైపులకు టైమర్ పెట్టడం చమురు దేశానికి పెద్ద ఖర్చు కాదు. మనిషి అంతకన్నా చౌకగా దొరుకుతున్నంత కాలం అవి రావు, అసలు సంగతి అది. కువైట్ ఆదాయంలో వ్యవసాయం వాటా ఒక్క శాతం కూడా ఉండదు. అయినా ఆ దేశం తోటలను వదులుకోదు. 1990లో సరిహద్దులు మూసుకుపోయిన అనుభవం, 2020లో కరోనా వేళ దిగుమతులు తడబడిన అనుభవం రెండూ గుర్తున్నాయి. ఒంటెలు వాళ్ళకు ఆస్తికన్నా వంశగౌరవం. ఆహార భద్రత, వారసత్వం రెండింటి బరువూ మోస్తున్నవాళ్ళు పటం మీద అత్యంత వేడి చోట ఉన్నారు, చట్టంలో అత్యంత బలహీనమైన నంబరు మీద ఉన్నారు.

మన ప్రభుత్వాల చేతిలో కొన్ని ఉన్నాయి. కువైట్‌కు వెళ్ళే శ్రామికులకు 1983 వలస చట్టం కింద అనుమతి కావాలి, అది ఈ-మైగ్రేట్ ద్వారా నడుస్తుంది. 2021 జూన్‌లో ఇంటి పనివారిపై రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ కాగితాల్లో యజమాని పేరుతో పాటు పనిచోటు ఏ గవర్నరేట్‌లో, ఏ ప్రాంతంలో, ఇల్లా, మజ్రానా, జాఖూరా అన్నది విడిగా, తప్పనిసరిగా రాయించాలి. చోటు మారిస్తే అది ఒప్పంద ఉల్లంఘన అని అందులోనే ఉండాలి. కడపలో, తిరుపతిలో ఇచ్చే ప్రయాణ శిక్షణలో నాలుగు అరబిక్ మాటలతో పాటు జహ్రా పటం చూపించాలి, పొడి వేడిలో దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలని చెప్పాలి, మూసిన గదిలో కుంపటి వద్దని చెప్పాలి. ఆ మాటలు చెప్పడానికి ఇరవై ఏళ్ళు అక్కడ ఒంటెలు కాసి తిరిగొచ్చినవాళ్ళు మన మండలాల్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళను పిలిచిన శిక్షణ కేంద్రాన్ని నేనింకా చూడలేదు.

కువైట్‌తో మాట్లాడేటప్పుడు అడగవలసింది వ్యవసాయ, పశుపోషణ ప్రాంతాలకు వేరే నిబంధన. ప్లాస్టిక్ ఇళ్ళనూ దాని పరిధిలోకి తేవాలి, నగరపు కొలతతో కాక అబ్దలీలో, వఫ్రాలో, సాల్మీలో కొలిచిన ఖతార్ తరహా సూచికతో పని ఆపాలి, సెప్టెంబరును కలపాలి. ఎందుకంటే ఆగస్టు 31తో నిషేధం ముగిసిన మర్నాటి నుంచే ఆ తోటల్లో కొత్త పంటకు నేల తవ్వడం, పైపులు పరచడం, నారు పోయడం మొదలవుతుంది. ఏడాదిలో ఒళ్ళు వంచి చేయవలసిన పనిలో పెద్ద భాగం ఆ నెలలోనే ఉంటుంది.